తొలి పాటకు చెవి ఒగ్గుదాం

గత సంక్రాంతి పండుగనాడు మా ఇంట్లో జరిగిన ఒక సంఘటనను పాఠకులతో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను. సంఘటన చిన్నదే గాని, అందులో జరిగిన తప్పు చిన్నది కాదు. ఆ తప్పులో నాకూ భాగం వుంది.

మా మేనకోడలు ఒంగోలులో డిగ్రీ చదువుతోంది. వాళ్లది పొదిలికి దగ్గరలో వున్న పల్లె. రెండెకరాల మిరప, ఎకరం పత్తి వున్న కుటుంబం. కిందటి వేసవిలో ఆ అమ్మాయి తన స్కాలర్‌షిప్పు డబ్బులో మిగుల్చుకుని స్నేహితురాలి దగ్గర ఒక పాత గిటారు కొనుక్కొచ్చింది. దసరా సెలవుల్లో తల్లితో కలిసి పత్తి తీసింది. సంక్రాంతి సెలవుల్లో మిరపకాయలు కోసింది. సాయంత్రం కాగానే గది తలుపు వేసుకుని గిటారు పట్టుకునేది. తీగలు నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ల కొసలు అప్పటికే పచ్చిగా వున్నాయి. దానికి తోడు మిరపకాయ మంట. ఆ చేత్తో కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. మన ప్రాంతపు రైతు బిడ్డకు ఆ మంట ఎలాంటిదో చెప్పనవసరం లేదు. అయినా మానలేదు. ఆరేడు నెలలలో ఒక్క పాట నేర్చుకుంది.

పండుగనాడు భోజనాలయ్యాక చుట్టాలంతా అరుగు మీద కూర్చున్నాం. ఎవరో "ఏదమ్మా, నీ గిటారు వినిపించు" అన్నారు. వద్దు వద్దంటూనే తెచ్చింది. మొదలుపెట్టింది. మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో వేళ్లు తప్పాయి. ఆగింది. మళ్లీ అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. "కుట్టుమిషను నూనె లేక ఆగి ఆగి నడుస్తున్నట్టుందే" అని ఒకరన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కూడా మాతోపాటు నవ్వి, లేచి లోపలికి వెళ్లింది. మర్నాడు ఆ గిటారును దుప్పట్లో చుట్టి అటక ఎక్కించిందని మా చెల్లెలు తరువాత చెప్పింది.

ఎవరూ చెడు తలపెట్టి నవ్వలేదు. అదే విచారించవలసిన విషయం. చెడు తలంపు లేకుండానే పది మందిమి కలిసి ఒక పిల్ల ఏడు నెలల శ్రమను ఏడు నిమిషాల్లో అటక మీదికి పంపించాం.

నాకు దక్కిన ఓపిక

ఆ రాత్రి నాకు మా వూరి రామభజన మందిరం గుర్తుకు వచ్చింది. నాకు పదేళ్లప్పుడు శనివారం శనివారం అక్కడ భజన జరిగేది. ముందుగా నా చేతికి తాళాలు ఇచ్చారు. నేను తాళం తప్పినప్పుడల్లా మద్దెల వాయించే పెద్దాయన పాట ఆపేవాడు కాదు. నా వైపు ఒకసారి చూసి, తల కాస్త గట్టిగా ఊపి, దెబ్బ పడవలసిన చోట మద్దెల మీద మరికాస్త బలంగా వేసేవాడు. అదే నాకు పాఠం.

కొన్ని నెలల తరువాత హార్మోనియం దగ్గర కూర్చోనిచ్చారు. మొదట్లో తిత్తి వూది శ్రుతి పట్టుకోవడమే నా పని. తరువాత ఒక కీర్తన వాయించమన్నారు. నడిమధ్యలో నా వేళ్లు దారి తప్పాయి. మందిరంలో వున్న పాతికమంది గొంతులు అప్పుడు మరింత పైకి లేచాయి. నా తప్పు ఆ గొంతుల్లో కలిసిపోయింది. నాలుగు తాళాలు తిరిగేసరికి నేను మళ్లీ పాటను అందుకున్నాను. బయట నిలబడి విన్నవారికి అక్కడ ఒకడు తప్పాడన్న సంగతే తెలియదు.

నేను దారి తప్పిన చోట పాట ఆగలేదు. మా మేనకోడలు తప్పిన చోట పాట ఆగిపోయింది. నాకూ ఆమెకూ వున్న తేడా తెలివితేటలది కాదు, సాధనది కాదు. నా చుట్టూ పాడేవాళ్లున్నారు. ఆమె చుట్టూ చూసేవాళ్లున్నాం.

పౌరాణిక నాటకాల రిహార్సళ్లు చూసినవారికీ ఇది తెలుసు. పాండవోద్యోగ విజయాల పద్యం నేర్చుకునే కుర్రవాడు రాగం తీయలేక గొంతు పీలగా పోతే హార్మోనిస్టు స్వరం అందించేవాడు. పక్కనున్నవాళ్లు "మళ్లీ అందుకో" అనేవాళ్లు. నెలల తరబడి వూరి మధ్యలో, అందరూ వింటుండగానే తప్పులు పడేవి, దిద్దుకునేవి. అంటే మన పల్లెల్లో నేర్చుకోవడం నలుగురిలో జరిగే పని. నేర్చుకునేవాడి తొలి పాట ఎలా వుంటుందో వూరికంతటికీ తెలుసు గనుక దాన్ని చూసి నవ్వేవారు తక్కువ.

మూసిన తలుపు వెనుక

ఇప్పుడు భజన మందిరాలు చాలా చోట్ల ధనుర్మాసానికి, శ్రీరామనవమికి మాత్రమే తెరుచుకుంటున్నాయి. నాటక సమాజాలు తగ్గిపోయాయి. నేర్చుకోవాలనే పిల్లలు తగ్గలేదు. వాళ్లు సెల్‌ఫోను ముందు కూర్చుంటున్నారు.

సెల్‌ఫోనును తిట్టడం నా వుద్దేశం కాదు. పైసా ఖర్చు లేకుండా గిటారు పాఠాలు, అదీ తెలుగులో, యూట్యూబులో దొరుకుతున్నాయి. ఒకప్పుడు మద్రాసు వెళ్లినా దొరకని పాఠం ఇవాళ మన పల్లెలో మంచం మీద కూర్చుని నేర్చుకోవచ్చు. ఇది మేలే. కాని ఫోనుకు రెండు లోపాలున్నాయి. అది చూపిస్తుందే గాని చూడదు. నీ మణికట్టు వంకరగా వుందనీ, నీ తీగ శ్రుతి తప్పిందనీ పక్కనుండి చెప్పే గురువు లాగా అది చెప్పదు. రెండోది, అది ఎప్పుడూ ఆరితేరినవారినే చూపిస్తుంది. వాళ్ల మొదటి ఆర్నెల్లు ఎలా గడిచాయో మన పిల్లలకు కనపడదు. కనపడేది వాళ్ల పాట, వినపడేది తన తప్పు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని "ఇది నావల్ల కాదు" అనుకుని మానేసేవారు చాలామంది.

గిటారు పట్టుకోవడమంటే ఏమిటో తెలియని పెద్దల కోసం నాలుగు మాటలు చెప్పాలి. దానికి ఆరు తీగలుంటాయి. మెడ పొడవునా అడ్డంగా మెట్లుంటాయి. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే తీగ సరిగ్గా సగమై, వట్టి తీగ పలికిన స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. హార్మోనియం మీద స, గ, ప మూడు మెట్లు ఒకేసారి నొక్కితే నిండుగా ఒక నాదం వస్తుంది కదా, దాన్నే గిటారు వాళ్లు కార్డు అంటారు. హార్మోనియం మీద అది పసివాడు కూడా నొక్కగలడు. గిటారు మీద అలా కాదు. మూడు వేళ్లు మూడు వేరు వేరు తీగల మీద, పక్క తీగను తాకకుండా, ఒకేసారి పడాలి. జీ, సీ, డీ అనే మూడు కార్డులు వస్తే లెక్కలేనన్ని పాటలకు తోడు వాయించవచ్చు. కాని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వేళ్లు మారడానికే, కుడిచేతి తాళం ఆగకుండా మారడానికే నెలలు పడుతుంది. ఆ మారే క్షణంలోనే పాట ఆగేది. మేము కుట్టుమిషను అని నవ్వింది ఆ క్షణాన్నే.

వుక్కు తీగల ఒత్తిడికి వేళ్ల కొసలు మొదట ఎర్రబడతాయి, తరువాత చర్మం గట్టిపడుతుంది. నాగలి పట్టిన అరచేతికి, కొడవలి పట్టిన వేలికి కాయలు కాయడం లాంటిదే ఇది. కష్టపడిన చేతిని చూసి గౌరవించడం మనకు తెలుసు. వేలి కొసన కాయ కాసిన పిల్లకూ ఆ గౌరవం దక్కాలి.

పరాయి వాద్యం అంటారా?

"మన వాద్యాలు లేవా, ఆ గిటారు ఎందుకు?" అని అడిగేవారున్నారు. సన్నాయి, వీణ, మద్దెల నేర్చుకునేవారు పెరగాలని నేనూ కోరుకుంటాను. అయితే పరాయిదన్న మాట మీద మాత్రం కాస్త ఆలోచించాలి.

మన భజనలకు, నాటకాలకు ప్రాణంగా వుంటూ వచ్చిన హార్మోనియం యూరపులో పుట్టింది. అది మన సంగీతానికి పనికిరాదని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని నిషేధించింది. ఆ ముప్ఫై ఏళ్లూ మన పల్లెలు మాత్రం దాన్ని వదిలిపెట్టలేదు. వయొలిన్ కూడా పాశ్చాత్య వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. తరువాత మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుగువారి వాద్యమే అయిపోయింది.

మాండలిన్ శ్రీనివాస్ సంగతి చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ బాలుడు తండ్రి వాద్యాల మధ్య వున్న మాండలిన్ పట్టుకున్నాడు. కర్ణాటక సంగీతాన్ని మాండలిన్ మీద నేర్పేవారు అప్పుడు లేరు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని తీగల మీద వెతుక్కుని పలికించేవాడు. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. ఆ తరువాత ప్రపంచమంతా తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశాడు. నేను ఇందులో గమనించమనేది ఆయన ప్రతిభను కాదు. ప్రతిభ అందరికీ అంత వుండదు. వాద్యం రాని గురువు నేర్పడానికి పూనుకున్నాడు. కచేరీలో ఎన్నడూ వినని వాద్యం పట్టుకుని కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లవాడి ముందు ఒక తెలుగు వూరి జనం నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఈ రెండూ మనం చేయగలిగిన పనులే.

మన దగ్గరి వారినే చెప్పుకుందాం. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ ఒంగోలు పక్కనే వున్న కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు వారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. భుజాన తంబుర వేసుకుని, దాని తీగ మీటుతూ, చిందు వేస్తూ కథ చెప్పిన ఆయనను చూసిన నేలకు, తీగ వాద్యం మెడలో వేసుకుని పాడే పిల్లలు వింతగా తోచనవసరం లేదు.

ఇంకొక సంగతి. మన ప్రాంతంలో గిటారు పట్టుకుని నిలదొక్కుకున్న కుర్రవాళ్లలో చర్చీలలో వాయించేవారు ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లకు ప్రత్యేకమైన తెలివి ఏదో వుందని కాదు. ప్రతి ఆదివారం వాయించడానికి ఒక చోటు వుంది, తప్పినా కప్పిపుచ్చే గొంతులున్నాయి. నాకు భజన మందిరం ఇచ్చింది కూడా అదే. మతం ఏదైనా ఈ సూత్రం ఒక్కటే.

"ఇది కూడు పెడుతుందా?"

తల్లిదండ్రుల ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. మిరప ధర ఏ ఏడాది ఎలా వుంటుందో తెలియదు. పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు పెట్టుకుని పడిగాపులు పడిన రైతుకు పిల్లల చదువు తప్ప వేరే ఆశ లేదు. నాలుగైదు వేల రూపాయలు పెట్టి గిటారు కొనడం కొన్ని ఇళ్లకు భారమే. పరీక్షల ముందు పక్కింటి పిల్లవాడు చదువుకుంటుంటే, ఇంట్లో జబ్బు మనిషి పడుకుని వుంటే, తీగల మోత చికాకే. ఇవన్నీ న్యాయమైన మాటలు.

దీనికి నా జవాబు ఒక్కటే. గిటారు కూడు పెడుతుందని నేను చెప్పను. వందమందిలో ఒకరికి కూడా పెట్టకపోవచ్చు. భజన నాకు కూడు పెట్టలేదు. అయితే పంట పోయిన ఏడు మా నాన్న శనివారం భజనకు రావడం మానలేదు. అక్కడ గంటసేపు పాడి ఇంటికి వచ్చి అన్నం తినేవాడు. మిగతా రోజుల్లో సగం అన్నం కంచంలోనే వుండేది. దాని విలువ ఎంతో నేను లెక్క కట్టలేను.

చదువుకు అడ్డం వస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. నేర్చుకునేవారికి రోజుకు ఇరవై నిమిషాల సాధన చాలు. ఆదివారం మూడు గంటలు వాయించి ఆరు రోజులు ముట్టుకోని వారి కంటే, రోజూ ఇరవై నిమిషాలు కూర్చునేవారు త్వరగా ముందుకు వెళతారు. చేతి వేళ్లకు అలవాటు కావలసింది రోజూ తాకడమే.

మనం చేయవలసినది

నేర్చుకునే పిల్లలకు ముందుగా చెబుతున్నాను. పది పాటలు సగం సగం వద్దు. ఒక్క పాట చివరిదాకా నేర్చుకోండి. అదీ మీ ఇంట్లో వాళ్లకు వచ్చిన పాటయితే మేలు. మీరు తప్పినా వాళ్లు పాడుతూ పోతారు. సుమారు 500 ఏళ్ల కిందట పురందరదాసు పిల్లల కోసం సరళి స్వరాలతో మొదలుపెట్టి, మలహరి రాగంలో చిన్న చిన్న గీతాలు కట్టాడు. నేటికీ కర్ణాటక సంగీతం నేర్చుకునేవారి తొలి పాటలు అవే. తొలి పాట చిన్నదిగా, తేలికగా వుండడం చిన్నతనం కాదని అంత పెద్ద వాగ్గేయకారుడే చూపించాడు. వాయించే ముందు శ్రుతి చూసుకోండి. తప్పు పడితే వెనక్కి వెళ్లకండి. కుడిచేతి తాళం ఆపకుండా ముందుకు పోండి. మొదట ఒకరి ముందు, తరువాత నలుగురి ముందు, ఆ తరువాత పదిమంది ముందు వాయించండి. మన ఎండలకు గిటారును రేకుల కప్పు కింద పెట్టవద్దు. చెక్క బీటలు వారుతుంది, అతుకులు విడతాయి.

వినే పెద్దలకు మనవి. పిల్లలు వాయిస్తున్నంతసేపూ మాట్లాడవద్దు. నిన్నగాక మొన్న వచ్చిన సినిమా పాట వాయించమని అడగవద్దు. ఫలానావారి అబ్బాయి ఎంత బాగా వాయిస్తాడో చెప్పవద్దు. అడగకుండా సెల్‌ఫోనులో పట్టి వాట్సాప్ గ్రూపుల్లో పంపవద్దు. ఈ చివరి మాట ముఖ్యమైనది. ఒకప్పటి నవ్వు అరుగు దాటేది కాదు. ఇప్పటి నవ్వు పది వూళ్లు తిరిగి మళ్లీ ఆ పిల్లల చేతికే వస్తుంది. పాట అయ్యాక బాగున్నది ఒకటి చెప్పండి, దిద్దుకోవలసినది ఒకటి చెప్పండి. ఆడపిల్లల విషయంలో "నీకెందుకమ్మా ఇది" అనే మాట నోటిలోనే ఆపుకోండి.

వూరికి ఒక సూచన. పొదిలిలో గాని, చుట్టుపక్కల పల్లెల్లో గాని, నెలకు ఒక సాయంత్రం ఒక గంట ఇందుకోసం కేటాయించాలి. బడి వరండా కావచ్చు, గ్రంథాలయం ముందు ఖాళీ స్థలం కావచ్చు, గుడి మండపం కావచ్చు. కొత్తగా నేర్చుకుంటున్నవారు, వయసుతో నిమిత్తం లేకుండా, తలా ఒక పాట. గిటారు, హార్మోనియం, వేణువు, డప్పు, పద్యం, బుర్రకథ దరువు, ఏదైనా సరే. మైకు వద్దు, పోటీ వద్దు, బహుమతి వద్దు, దండలు వద్దు, ముఖ్య అతిథి ఉపన్యాసం అసలే వద్దు. ఒక చాప, ఒక లైటు, మంచినీళ్ల బిందె వుంటే చాలు. స్వరజ్ఞానం వున్న పాత హార్మోనిస్టులు, భజన గురువులు ఇంకా మన వూళ్లలో వున్నారు. వాళ్లకు గిటారు రాకపోవచ్చు. సుబ్బరాజుగారికి మాండలిన్ వచ్చా? శ్రుతి తప్పింది, తాళం తప్పింది అని చెప్పడానికి వాళ్ల చెవి చాలు. వాళ్లకు కూడా ఎవరో ఒకరు వచ్చి అడగాలనే వుంటుంది.

మొన్న శనివారం నేను మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. వట్టి చేతులతో వెళ్లలేదు. అటక మీద ముప్ఫై ఏళ్లుగా పడివున్న నా హార్మోనియం దింపి, ఎలుకలు కొట్టిన తిత్తికి తోలు అతుకులు వేయించి, ఆటోలో తీసుకుపోయాను. మేనకోడలిని పిలిచి, "అమ్మాయీ, పండుగనాడు నవ్వినందుకు నాది తప్పు. నీ గిటారు దింపు. ఇద్దరం కలిసి వాయిద్దాం" అన్నాను.

ఆ అమ్మాయి నా వంక కాసేపు చూసి, "ముందు నువ్వు వాయించు మామయ్యా. నేను నవ్వుతాను" అన్నది.

వాయించాను. చిన్నప్పటి ఆ కీర్తనే. నడిమధ్యలో అప్పుడు తప్పిన చోటనే వేళ్లు మళ్లీ తప్పాయి. ఆ అమ్మాయి అన్నమాట ప్రకారం నవ్వింది. మా చెల్లెలు మాత్రం వంటింట్లో నుంచి కీర్తన అందుకుని పాడుతూ బయటికి వచ్చింది. పాట ఆగలేదు.

గిటారు ఇంకా అటక మీదనే వుంది. కాని నేను లేచి వస్తుంటే, "మామయ్యా, అది ఏ శ్రుతి?" అని అడిగింది. వచ్చే శనివారం మళ్లీ వెళతాను. ఆమె దింపుతుందో లేదో అది ఆమె ఇష్టం. ఆమె ముందు తప్పు వాయించడానికి మాత్రం నేను సిద్ధంగా వున్నాను. పాఠకుల ఇళ్లలోనూ ఇలా అటక ఎక్కిన వాద్యం ఏదైనా వుంటే, అది ఎవరి నవ్వుకు అక్కడికి చేరిందో ఒకసారి గుర్తు చేసుకోవాలని, దాన్ని కిందికి దింపించే ప్రయత్నం తామే మొదలుపెట్టాలని మనవి.